ఇంటి డేటాకు నామినీ ఎవరు? సొంత స్టోరేజి సర్వరుకు సామాను ఎంపిక

శాఖలో కొంతకాలం పనిచేసిన వారెవరికైనా మరణించిన ఖాతాదారుల క్లెయిములు చూసే బల్ల బాగా తెలుసు. నామినేషన్ ఉన్న ఖాతా అయితే పని త్వరగా తెములుతుంది. లేకపోతే వారసత్వ ధ్రువపత్రాలు, అఫిడవిట్లు, హామీదారులు, తిరుగుళ్ళు. డబ్బు విషయంలో ఊరందరికీ మనం ఈ జాగ్రత్త చెబుతాం. మన ఇంట్లో ఫొటోలు, వీడియోలు, స్కాన్ చేసిన దస్తావేజుల దగ్గరికి వచ్చేసరికి ఆ జాగ్రత్త ఎక్కడా కనిపించదు. అవి ఒకరి ఫోనులో కొన్ని, ఒకరి లాప్‌టాప్‌లో కొన్ని, ఎవరికీ గుర్తులేని పాస్‌వర్డ్ వెనకాల ఇంకొన్ని ఉంటాయి. ఈమధ్య క్లెయిము కాగితాలతో వచ్చే కుటుంబాలు డబ్బుతో పాటు ఇంకో మాట కూడా అడుగుతున్నాయి. "సార్, ఆయన ఫోను తెరుచుకోవడం లేదు. పిల్లల ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఏదైనా దారి ఉందా?" దానికి మన దగ్గర ఫారం లేదు.

అందుకే మా ఇంటికి ఒక చిన్న స్టోరేజి సర్వరు కూర్చుకోవాలనుకున్నప్పుడు నేను ముందు పెట్టుకున్న షరతు వేగం కాదు, చవకా కాదు. నేను లేని రోజున మా ఆవిడ గానీ పిల్లలు గానీ, వీధి చివర కంప్యూటరు రిపేరు కుర్రాడి సాయంతో, అందులో ఉన్నది బయటికి తీసుకోగలగాలి. ఏ భాగం కొనాలి, ఏది వద్దు అన్న ప్రతి ప్రశ్నకూ ఈ షరతే జవాబు చెప్పింది. ఆ లెక్క సిబ్బంది కుటుంబాలకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

నెట్‌వర్క్ అటాచ్‌డ్ స్టోరేజి, పొట్టిగా నాస్, పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. హార్డ్ డిస్కులు పట్టే ఒక చిన్న కంప్యూటరు. దానికి మానిటరు, కీబోర్డు ఉండవు. రూటరుకి ఒక తీగతో కలిపి మూలన పెడితే ఇంట్లో అందరి ఫోన్లూ, లాప్‌టాప్‌లూ వైఫై మీదుగా అందులో ఫైళ్ళు దాచుకుంటాయి, కావలసినప్పుడు తీసుకుంటాయి. సైనాలజీ, క్యూనాప్ లాంటి కంపెనీలు దీన్ని తయారుగా అమ్ముతాయి. ఇంట్లో స్క్రూడ్రైవరు పట్టుకునే ఉత్సాహం ఎవరికీ లేకపోతే అవే కొనుక్కోండి, తప్పేమీ లేదు. ఇక మొత్తం డేటా 200 జీబీ దాటని ఇంటికైతే సర్వరే అవసరం లేదు. ఒక క్లౌడ్ ప్లాను, దాని పక్కన ఒక యూఎస్‌బీ డిస్కు చాలు. గూగుల్ ఫొటోస్‌లో పరిమితి లేని ఉచిత నిల్వ 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఇప్పుడు ఖాతాకు ఉచితంగా వచ్చేది 15 జీబీ. ఆపైన ఎంత దాచుకుంటే అంత అద్దె, అదీ కట్టినంత కాలమే.

ముందుగా అవసరం అంచనా

వర్కింగ్ క్యాపిటల్ లిమిటు ఇచ్చే ముందు అవసరం ఎంతో లెక్క కడతాం కదా, ఇక్కడా అంతే. ఒక ఆదివారం మా ఇంట్లో అందరి పరికరాలూ బల్ల మీద పెట్టి లెక్క రాశాం. ఆరు ఊళ్ళ బదిలీల ఫొటోలు, పిల్లల స్కూలు వీడియోలు, వరంగల్ ఇంటి దస్తావేజుల స్కాన్లు, ఆరోగ్య రిపోర్టులు. వీటన్నిటికంటే తూకంలో తక్కువ, విలువలో ఎక్కువ అయిన ఒక ఫోల్డరు కూడా ఉంది. మా అమ్మ చివరి రెండేళ్ళలో పాడగా మా అమ్మాయి ఫోనులో పట్టిన మంగళ హారతులు, పెళ్ళి పాటలు. మొత్తం కలిపి అది ఒక జీబీ కూడా లేదు. అది పోతే మాత్రం ఏ దుకాణంలోనూ దొరకదు.

అంతా కలిపి 1.4 టీబీ తేలింది. ఏడాదికి 150 నుంచి 200 జీబీ పెరుగుతోంది. ఎక్కువ అంకె పట్టుకుంటే ఎనిమిదేళ్ళలో ఇంకో 1.6 టీబీ, అంటే 3 టీబీ. పాత రూపాలు ఉంచుకోవడానికి, కాస్త ఖాళీకి చోటు కలిపితే 4 టీబీ డిస్కు సరిపోతుంది. కొన్నాక కంగారు పడకుండా ఒక మాట. డిస్కు కంపెనీలు టీబీని లక్ష కోట్ల బైట్లుగా లెక్క కడతాయి. విండోస్ 1,024 గుణకాల్లో లెక్కేస్తుంది. అందుకే 4 టీబీ డిస్కు తెర మీద 3.63గా కనిపిస్తుంది. ఎవరూ కోత పెట్టలేదు.

చాలామంది 16 టీబీ, 20 టీబీ దగ్గర మొదలుపెడతారు. సినిమాలు దాచుకోవాలన్న సరదా ఉంటే సరే. జ్ఞాపకాల కోసమైతే అంత లిమిటు అక్కర్లేదు.

డిస్కులు: ఎన్ని, ఎలాంటివి

డబ్బులో సగానికి పైగా పోయేది ఇక్కడే, కనుక ఎక్కువసేపు ఆలోచించవలసిందీ ఇక్కడే. ప్రాసెసరు దగ్గర మొదలుపెట్టి డిస్కుల దగ్గర డబ్బు చాలక చవక రకం కొనే వాళ్ళను చూశాను. అది గోద్రెజ్ తలుపు కొని గోడలు తడికతో కట్టడం లాంటిది.

రెండు మూడు డిస్కులను కలిపి వాడే పద్ధతులకు రెయిడ్ అని పేరు. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు రాసిన పత్రంతో ఈ పేరు స్థిరపడింది. ఇందులోని అంకెలు చూసి బెదరనక్కర్లేదు, మనకు తెలిసిన ఖాతాల్లాగే ఉంటాయి. రెయిడ్ 0 అంటే ఇద్దరూ కలిసి సంతకం పెడితేనే నడిచే ఉమ్మడి ఖాతా. ప్రతి ఫైలూ ముక్కలై రెండు డిస్కుల్లోనూ ఉంటుంది, ఒకటి పోతే అన్నీ పోయినట్టే. రెయిడ్ 1 అంటే మన ఐదర్ ఆర్ సర్వైవర్. రెండు డిస్కుల్లోనూ అదే డేటా అద్దంలో బొమ్మలా ఉంటుంది. ఒకటి పోయినా రెండోది ఒంటరిగా నడుస్తుంది.

రెయిడ్ 5 కొంచెం తెలివైనది. పాత లెడ్జర్లలో ఒక వరుసలో ఐదు అంకెలు, కింద మొత్తం ఉన్నాయనుకోండి. సిరా ఒలికి ఒక అంకె చెరిగిపోతే మొత్తంలోంచి మిగతా నాలుగూ తీసేసి దాన్ని కనుక్కుంటాం. రెండు అంకెలు చెరిగితే ఇక దారి లేదు. రెయిడ్ 5 సరిగ్గా ఇదే పని చేస్తుంది. డిస్కులన్నిటిలో ఒకదానంత చోటు ఆ 'మొత్తం' కోసం పోతుంది. మూడు 2 టీబీ డిస్కులు పెడితే వాడుకోవడానికి 4 టీబీ వస్తుంది. రెయిడ్ 1లో రెండు 4 టీబీ డిస్కులు పెట్టినా అంతే, 4 టీబీ.

కాగితం మీద రెండూ ఒకటే. అయినా నేను రెండు డిస్కుల పద్ధతే ఎంచుకున్నాను. మొదటి కారణం ఆ షరతే. రెయిడ్ 5 డిస్కు ఒక్కటి విప్పి ఇంకో కంప్యూటరుకి తగిలిస్తే అందులో ఏమీ చదవలేం. అద్దం పద్ధతిలో ఏ ఒక్క డిస్కు చేతికి దొరికినా అందులో మొత్తం కుటుంబ చరిత్ర ఉంటుంది. రెండో కారణం, మూడు డిస్కులంటే మూడు మోటార్లు, మూడు వేడి ముద్దలు, చెడిపోవడానికి మూడు అవకాశాలు. మూడోది, రెండు డిస్కులకైతే చిన్న పెట్టె చాలు. నాలుగైదు చిన్న డిస్కుల కన్నా రెండు పెద్ద డిస్కులు మేలని మధ్యతరగతి ఇంటికి గట్టిగా చెప్పగలను.

రెయిడ్ కార్డు అని విడిగా అమ్ముతారు, దాని జోలికి పోవద్దు. ఆ కార్డు పాడైతే అదే రకం కార్డు వెతికి తెస్తే తప్ప డిస్కులు తెరుచుకోకపోవచ్చు. తాళంచెవి ఒక్కటే ఉన్న లాకరు అది. ఉచితంగా దొరికే లైనక్స్ సాఫ్ట్‌వేరే అద్దం పనిని చక్కగా చేస్తుంది.

ఇప్పుడు డిస్కు రకం. హార్డ్ డిస్కు పెట్టె మీద రాయని, కొనేవాడు తప్పక అడగవలసిన ప్రశ్న ఒకటుంది. సీఎంఆరా, ఎస్‌ఎంఆరా? మొదటి దానిలో డేటా గీతలు పొలం చాళ్ళలాగా పక్కపక్కన విడివిడిగా ఉంటాయి. రెండో దానిలో పెంకుటింటి పైకప్పులాగా ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కి ఉంటుంది. ఇంగ్లీషులో ఆ పేరు వచ్చిందే కప్పు పెంకుల మీద నుంచి. తక్కువ చోటులో ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీద ఎక్కిన వరుసలన్నీ లేపి మళ్ళీ పేర్చాలి. మామూలుగా ఫైళ్ళు రాసేటప్పుడు ఇది తెలియదు. పాడైన డిస్కు స్థానంలో కొత్తది పెట్టి మొత్తం డేటా తిరిగి రాయవలసిన రోజున తెలుస్తుంది, గంటల పని రోజులు పట్టవచ్చు. సరిగ్గా ఆ రోజుల్లోనే మనకు మిగిలినది ఒకే ఒక్క డిస్కు.

2020లో ఇది పెద్ద వివాదమైంది. వెస్ట్రన్ డిజిటల్ తన రెడ్ శ్రేణిలో 2 నుంచి 6 టీబీ డిస్కులు కొన్నిటిలో ఈ పెంకుల పద్ధతి వాడుతూ కొనేవారికి చెప్పలేదని బయటపడింది. ఆ తరువాత కంపెనీ పేర్లు విడదీసింది. ఇప్పుడు రెడ్ ప్లస్, రెడ్ ప్రో చాళ్ళ పద్ధతివి. సీగేట్‌లో ఐరన్‌వుల్ఫ్ శ్రేణి కూడా చాళ్ళదే. లాప్‌టాప్ సైజు 2.5 అంగుళాల హార్డ్ డిస్కుల్లో పెద్ద సామర్థ్యం ఉన్నవి దాదాపు అన్నీ పెంకులవే. పెట్టె చిన్నదవుతుందని వాటికి ఆశపడవద్దు.

నాస్ కోసమే చేసిన డిస్కుకు ఇంకో సుగుణం ఉంది. ఒకచోట చదవలేకపోతే మామూలు డెస్క్‌టాప్ డిస్కు మొండిగా చాలాసేపు ప్రయత్నిస్తుంది. ఈలోగా సర్వరు "ఇది చచ్చిపోయింది" అనుకుని దాన్ని పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది. నాస్ డిస్కు కొద్ది సెకన్లు చూసి "నా వల్ల కాలేదు, జోడీని అడుగు" అని చెప్పేస్తుంది. జంటగా పనిచేసేవాడికి ఉండవలసిన గుణమే.

కొనేటప్పుడు రెండు డిస్కులూ ఒకే దుకాణంలో ఒకే పెట్టెలోంచి తీసుకోవద్దు. ఒకే బ్యాచిలో లోపం ఉంటే రెండూ కొద్ది రోజుల తేడాతో పోవచ్చు. నేను నాగ్‌పూర్‌లో పనిచేస్తూ సెలవులో ఊరికి వచ్చినప్పుడు సికింద్రాబాద్ సీటీసీలో ఒకటి, ఆన్‌లైన్‌లో వేరే కంపెనీది ఒకటి తీసుకున్నాను. బదిలీ ఉద్యోగాలవాళ్ళకు ఆ మాత్రం వీలు ఎక్కడైనా ఉంటుంది. బెంగళూరులో ఎస్‌పీ రోడ్డు, చెన్నైలో రిచీ స్ట్రీట్, ఢిల్లీలో నెహ్రూ ప్లేస్, ముంబయిలో లామింగ్టన్ రోడ్డు. డిస్కు చేతిలో పడగానే దాని సీరియల్ నంబరు కంపెనీ వెబ్‌సైటులో కొట్టి మన దేశంలో వారంటీ ఉందో లేదో చూడండి. వేరే దేశానికి ఉద్దేశించినవి ఇక్కడ చవకగా అమ్ముడవుతుంటాయి, చెడిపోతే మాత్రం పట్టించుకునే దిక్కుండదు. ఆపైన డిస్కు తన గురించి తానే రాసుకునే స్మార్ట్ అనే నమోదు ఉంటుంది. అందులో నడిచిన గంటలు సున్నా దగ్గర ఉండాలి. వేలల్లో ఉంటే అది కొత్త డిస్కు కాదు, కొత్త కవరు.

ఆ నమోదును మరీ నమ్ముకోవడానికీ లేదు. 2007లో గూగుల్ ఇంజనీర్లు తమ లక్షకు పైగా డిస్కుల మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. స్కాన్‌లో మొదటి లోపం కనిపించిన డిస్కు, లోపం లేని దానికన్నా, 60 రోజుల్లో చెడిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువ అని అందులో తేలింది. కాబట్టి మొదటి హెచ్చరిక రాగానే మార్చేయాలి. అదే అధ్యయనంలో, చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా ముఖ్యమైన నాలుగు హెచ్చరికల్లో ఒక్కటి కూడా ఇవ్వలేదు. నోటీసు ఇవ్వకుండా ఎగవేసే ఖాతాలు మనకు తెలియనివా?

పెట్టె, వేడి

పొందికైన సర్వరు అంటే సాధారణంగా మినీ ఐటీఎక్స్ బోర్డు మీద కట్టేది. ఆ బోర్డు 17 సెంటీమీటర్ల చదరం, మన పాస్‌బుక్కు కన్నా కాస్త పెద్దది. దానికి సరిపోయే కేబినెట్లు రెండు డిస్కులవి, నాలుగువి, ఆరువి దొరుకుతాయి. ఫ్రాక్టల్ డిజైన్ వారి నోడ్ 304లో ఆరు డిస్కులు పడతాయి, పెట్టె మొత్తం సుమారు 20 లీటర్లు. మాకు అంత అక్కర్లేదు గనుక నాలుగు అరలున్న చిన్నది తీసుకున్నాం. రెండు అరలు ఖాళీ. ఎనిమిదేళ్ళ తరువాత పెరుగుదలకు అవి ఉన్నాయి.

చిన్నదని మురిసిపోయే ముందు గాలి దారి చూడాలి. డిస్కుల ఎదురుగా 120 మిల్లీమీటర్ల ఫ్యాను పట్టే కేబినెట్ నెమ్మదిగా తిరిగినా చాలినంత గాలి ఇస్తుంది. బొటనవేలంత చిన్న ఫ్యాను అదే పని చేయాలంటే దోమలా రొద పెడుతుంది. విసుగొచ్చి ఎవరో ఒకరు దాని తీగ పీకేస్తారు. నాగ్‌పూర్ అయినా, రామగుండం అయినా, విజయవాడ అయినా మే నెలలో గది వేడే 38 డిగ్రీలు దాటుతుంది. అందులో డిస్కు ఇంకో పది డిగ్రీలు పైకి పోతుంది. కంపెనీలు 60, 65 డిగ్రీల వరకు ఓర్చుకుంటుందని రాస్తాయి. నేను 45 దగ్గర ఫోనుకు హెచ్చరిక వచ్చేలా పెట్టుకున్నాను. బీరువాలో, అటక మీద, దేవుడి గది పక్క గూట్లో పెట్టకండి. హాల్లో టీవీ బల్ల కింద అరే దీనికి తగిన చోటు. ఫ్యాను ముందు దుమ్ము జల్లెడ ఉంటే నెలకోసారి ఇల్లు దులిపే రోజున దాన్నీ దులిపేస్తే సరి.

బదిలీ వచ్చినప్పుడు మాత్రం డిస్కులు రెండూ విప్పి బట్టల్లో చుట్టి మనతోపాటు చేతి సంచిలో తీసుకెళ్ళాలి. ఖాళీ పెట్టె లారీలో రావచ్చు. నగలు లారీలో వేస్తామా?

బోర్డు, ప్రాసెసరు, కరెంటు బిల్లు

ఫైళ్ళు దాచి ఇవ్వడం ప్రాసెసరుకు పెద్ద పనే కాదు. 2023 జనవరిలో వచ్చిన ఇంటెల్ ఎన్100 నాలుగు కోర్లది, దాని వేడి పరిమితి 6 వాట్లు, బోర్డుకే అతికించి వస్తుంది. దానిమీద ఫ్యాను కూడా లేకుండా నడిచే బోర్డులున్నాయి. ఇంట్లో నలుగురైదుగురి అవసరానికి ఇది ఎక్కువే. ఎన్100 బోర్డు కొనేటప్పుడు చూడవలసింది వేగం కాదు, సాటా పోర్టుల సంఖ్య. రెండే ఉన్న బోర్డులు చాలా ఉన్నాయి. రేపు ఖాళీ అరలు నింపాలంటే నాలుగు కావాలి. పేరు తెలియని కంపెనీల బోర్డుల్లో ఆరు పోర్టులు, నాలుగు నెట్‌వర్క్ సాకెట్లు కనిపించి నోరూరిస్తాయి. వాటికి ఇక్కడ సర్వీసు ఉంటుందా, రెండేళ్ళ తరువాత బయోస్ అప్‌డేటు వస్తుందా అని అడిగితే అమ్మేవాడు మాట మారుస్తాడు. మన దేశంలో సర్వీసు కేంద్రం ఉన్న కంపెనీది, పోర్టులు తక్కువైనా, నేను మేలంటాను.

ర్యామ్ 8 జీబీ చాలు. ఈ ప్రాసెసరుకు అధికారికంగా 16 జీబీ వరకే. తప్పులు తానే దిద్దుకునే ఈసీసీ ర్యామ్ లేకుండా సర్వరు కట్టడం పాపమని కొందరు వాదిస్తారు. దానికి వేరే తరగతి బోర్డు, ప్రాసెసరు కావాలి, ఖర్చు పెరుగుతుంది. డబ్బుంటే మంచిదే. లేకపోతే ఆ డబ్బును మూడో కాపీ మీద పెట్టడం నా దృష్టిలో లాభం.

"ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంది కదా, దాన్నే వాడితే?" అని మా ఆవిడ అడిగింది. మంచి ప్రశ్న. ప్లగ్గుకు తగిలించే చిన్న వాట్ మీటరు తెచ్చి కొలిచాం. పాత డెస్క్‌టాప్ ఏ పనీ లేకుండా 60 వాట్లు లాగుతోంది. కొత్తది రెండు డిస్కులు తిరుగుతుండగా 24 వాట్లు. ఒక వాటు రోజంతా, ఏడాదంతా వాడితే 8.76 యూనిట్లు. అంటే పాతది ఏడాదికి సుమారు 526 యూనిట్లు, కొత్తది 210. యూనిటు 8 రూపాయలనుకుంటే తేడా ఏడాదికి 2,500 రూపాయల పైమాటే, ఐదేళ్ళకు 12,600. మీ స్లాబు రేటు వేసి మీ లెక్క మీరు కట్టుకోండి. పాతది ఉచితం కాదు, వాయిదాల మీద కొంటున్నాం, అంతే. అయితే కొత్త సామాను కొనే స్థోమత ఈ ఏడాది లేనివారు పాతదానితోనే మొదలుపెట్టి డిస్కులు మాత్రం మంచివి కొనడం అన్ని విధాలా సరైనది. తరువాత అవే డిస్కులు కొత్త బోర్డుకు మారతాయి.

ఎవరూ చూడని భాగం

డిస్కు ఆగి ఉన్న స్థితి నుంచి తిరగడం మొదలుపెట్టే కొన్ని సెకన్లలో 12 వోల్టుల మీద సుమారు 2 ఆంపియర్లు అడుగుతుంది, అంటే 24 వాట్లు. రెండింటికి 48, బోర్డుకు ఇంకో 20 వేసుకున్నా 70 దాటదు. దీనికి 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ అమ్మజూపుతారు. ఎస్‌ఎంపీఎస్‌ల సామర్థ్యం ముద్రలు సాధారణంగా 20 శాతం లోడు నుంచి పైకి కొలిచినవి. 650 వాట్ల దాని మీద 24 వాట్ల లోడు 4 శాతమైనా కాదు, అక్కడ అది కరెంటు వృథా చేస్తుంది. పేరున్న కంపెనీ చిన్న ఎస్‌ఎంపీఎస్ చాలు. దానిలోంచి సాటా పవర్ తీగలు నేరుగా రావాలి. పాత నాలుగు పిన్నుల తీగను సాటాగా మార్చే చవక అడాప్టర్లు, ముఖ్యంగా ప్లాస్టిక్ కరిగించి పోతపోసిన రకం, లోపల తీగలు కలుసుకుని కాలిపోయిన సందర్భాలున్నాయి. వంద రూపాయల ముక్క కోసం ఇల్లు పణంగా పెట్టవద్దు.

అద్దె ఇళ్ళలో ఎర్తింగ్ సంగతి మీకు తెలిసిందే. కేబినెట్ లోహపు అంచు ముట్టుకుంటే చేయి జిమ్మంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, తరువాతే సర్వరు. ఇంట్లో ఇన్వర్టరు ఉన్నా దీనికి విడిగా ఒక చిన్న యూపీఎస్ కావాలి. బ్యాటరీ అయిపోవస్తోందన్న సంగతి చాలా ఇన్వర్టర్లు సర్వరుకు చెప్పలేవు. యూఎస్‌బీ తీగ ఉన్న యూపీఎస్ చెప్పగలదు, సర్వరు తనంతట తాను పుస్తకాలు మూసుకుని పడుకుంటుంది. 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో కాగితం మీద 84 వాట్ అవర్లుంటాయి. సర్వరు, రూటరు కలిసి 40 వాట్లు లాగినా అరగంట భేషుగ్గా నిలబడతాయి.

నెట్‌వర్కు గురించి ఒకే మాట. రూటరు పోర్టు గిగాబిట్‌దా, పాత 100 మెగాబిట్‌దా చూసుకోండి. గిగాబిట్ అయితే సెకనుకు 110 ఎంబీ దాకా వస్తుంది, మా 1.4 టీబీ మూడున్నర గంటల్లో ఎక్కుతుంది. 100 మెగాబిట్ అయితే అదే పనికి 35 గంటలు. కొన్ని ఇంటర్నెట్ కంపెనీల పెట్టెల్లో ఒక్క పోర్టే గిగాబిట్ ఉంటుంది, సర్వరు తీగ దానికే పెట్టండి. బయటి నుంచి చూడాలన్న తొందరలో రూటరులో పోర్టు తెరిచి పెట్టడం మాత్రం వద్దే వద్దు. దానికి వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ ఉంది. మరో సంగతి, ఇది ఇంటి సర్వరు. ఆఫీసు ఫైలు ఒక్కటి కూడా, శనివారం పని కోసమైనా, ఇందులోకి రాకూడదు.

నామినీ కాపీ

అద్దం పద్ధతి బ్యాకప్ కాదు. చిన్నవాడు పొరపాటున ఒక ఫోల్డరు తుడిచేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకే క్షణంలో తుడుచుకుపోతుంది. దొంగ పెట్టెనే ఎత్తుకుపోతే రెండూ పోతాయి. బ్యాంకు డేటా సెంటరుకు దూరాన ఇంకో ఊరిలో డీఆర్ సైటు ఎందుకుందో ఆలోచించండి. మాది వరంగల్‌లో మా చెల్లెలి ఇంటి బీరువా. రెండు యూఎస్‌బీ డిస్కులు కొన్నాం. ఒకటి మా దగ్గర నిండుతుంటే ఒకటి అక్కడ ఉంటుంది. దసరాకు, సంక్రాంతికి వెళ్ళినప్పుడు మార్చుకుంటాం.

ఇక్కడే మొదట చెప్పిన షరతు పూర్తిగా తీరింది. సర్వరులోని డిస్కులను బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో పెట్టాం. అది ప్రతి ముక్కకూ చెక్‌సమ్ రాసుకుని, చడీచప్పుడు లేకుండా చెడిన డేటాను గుర్తుపట్టి, జోడీలోంచి సరైనది తెచ్చి దిద్దుతుంది. కానీ దాన్ని విండోస్ లాప్‌టాప్ నేరుగా చదవలేదు. అందుకని యూఎస్‌బీ డిస్కులను మాత్రం మామూలు ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంచాం. ఏ లాప్‌టాప్‌కు గుచ్చినా తెరుచుకుంటాయి. ఫొటోలకు, అమ్మ పాటలకు పాస్‌వర్డ్ లేదు. దస్తావేజుల ఫోల్డరుకు ఉంది, అది సీలు వేసిన కవరులో లాకరులో ఉంది. లాకరుకు నామినీ ఎవరో చెప్పనక్కర్లేదు కదా.

అన్నీ బిగించాక డేటా వెంటనే ఎక్కించలేదు. ముందు రెండు డిస్కులకూ పూర్తి స్మార్ట్ పరీక్ష పెట్టాం. 4 టీబీకి అది దాదాపు రాత్రంతా పట్టింది. కాపీ ఎక్కించిన తరువాత డీఆర్ డ్రిల్లు. సర్వరు ఆపి, మా అమ్మాయి ఒక డిస్కు తీగ పీకేసింది. మళ్ళీ ఆన్ చేస్తే అది మామూలుగా లేవలేదు, జోడీ లేదని ఆగిపోయింది. ఒంటి డిస్కుతో నడవమని దానికి విడిగా ఆజ్ఞ ఇవ్వాలి. ఆ ఆజ్ఞను అమ్మాయి ఒక అట్టముక్క మీద పెద్ద తెలుగు అక్షరాల్లో ఏం చేయాలో వరుసగా రాసి, రెండు డిస్కుల సీరియల్ నంబర్లతో సహా, కేబినెట్ మూత లోపల అతికించింది. ఆ తరువాత మేమిద్దరం పక్క గదిలో కూర్చున్నాం. మా ఆవిడ ఆ అట్ట చూసుకుంటూ ఒక్కతే సర్వరు లేపింది. ఇరవై నిమిషాలు పట్టింది, రెండుసార్లు మమ్మల్ని తిట్టింది. ఫోనులో పాట మోగింది.

వరంగల్ బీరువాలోకి మూడో కాపీ చేరిందని చెల్లెలు ఫోను చేశాకే మా ఫోన్లలోంచి పాత ఫొటోలు తొలగించడం మొదలుపెట్టాం.